గజ్జల్లో దురద తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకొస్తోంది? ట్యూబులో స్టెరాయిడ్, మందుకు లొంగని ఫంగస్

మెడికల్ షాపు దగ్గర జనం పలచబడేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగే మందులు కొన్ని ఉంటాయి. గజ్జల్లో దురదకు వాడే ట్యూబ్ వాటిలో ఒకటి. ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి అని షాపులో కుర్రాడు అడగడు. అడిగితే ఇబ్బంది పడతారని అతనికీ తెలుసు. ఏదో ఒక ట్యూబ్ చేతిలో పెడతాడు. రాసిన రెండో రోజుకే దురద తగ్గుతుంది. వారంలో ఎరుపు పోతుంది. ట్యూబ్ ఆపిన పది, పదిహేను రోజులకు అదే చోట, ఈసారి ఇంకాస్త వెడల్పుగా మళ్లీ మొదలవుతుంది. మళ్లీ అదే షాపు, అదే ట్యూబ్. ఇలా ఏడాది, రెండేళ్లు గడిపేసి, మచ్చ తొడల మీదికి, నడుము చుట్టూ, పిరుదుల మీదికి పాకాక చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు భారతదేశంలో లెక్కలేనంత మంది.

వీళ్లలో చాలామంది తప్పు తమ ఒంటిదేననుకుంటారు. వేడి చేసిందనీ, రక్తం చెడిందనీ, వంకాయ, గోంగూర పడలేదనీ ఎవరికి తోచిన కారణం వాళ్లు చెబుతారు. సరిగా స్నానం చేయరేమోనని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. అసలు కారణాలు వేరు. దురద ఏ జబ్బు వల్ల వచ్చిందో తేల్చకుండానే మందు మొదలవడం ఒకటి. ఆ మందులో స్టెరాయిడ్ కలిసి ఉండటం రెండోది. గత పది, పదిహేనేళ్లలో ఫంగస్ రకమే మారిపోయి, ఒకప్పుడు తేలిగ్గా పనిచేసిన మాత్రలకు లొంగకపోవడం మూడోది. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ వచ్చాయి.

తామర వేరు, గజ్జి వేరు

పాత గోడ ప్రకటనల్లో ‘గజ్జి, తామర, చిడుము’ అని మూడింటినీ ఒకే వాక్యంలో రాసి ఒకే మందు అమ్మేవారు. ఆ అలవాటు మాటల్లో ఇంకా మిగిలే ఉంది. నిజానికి గజ్జి కంటికి ఆనని చిన్న పురుగు వల్ల వస్తుంది. తామర ఫంగస్ వల్ల, అంటే శిలీంధ్రం వల్ల వస్తుంది. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. గజ్జల్లో వచ్చే తామరను వైద్యులు ‘టీనియా క్రూరిస్’ అంటారు. ఇదే ఫంగస్ ఒంటి మీద ఇంకెక్కడైనా వస్తే ‘టీనియా కార్పొరిస్’ అవుతుంది. పేరు మారినా జబ్బు అదే.

తామర మచ్చకు ఒక గుర్తు ఉంటుంది. అంచు కొద్దిగా ఉబ్బి, ఎర్రగా, పొట్టు లేస్తూ ఉంటుంది. మధ్యలో చర్మం దాదాపు మామూలుగా కనిపిస్తుంది. ఫంగస్ బయటి వైపుకు పాకుతూ పోవడం వల్లే ఈ వలయాకారం వస్తుంది. చర్మం పైపొరలోని కెరాటిన్ అనే పదార్థమే దాని ఆహారం. గజ్జల్లో చెమట ఉంటుంది, గాలి ఆడదు, చర్మం చర్మానికి ఒరుసుకుంటుంది. ఫంగస్‌కు అంతకు మించిన చోటు ఏముంటుంది?

బ్రిటిష్ వాళ్ల కాలంలో దీనికి ‘దోబీ ఇచ్’ అని పేరు పెట్టారు. బట్టలు ఉతికే రజకుల నుంచి వస్తుందని తెల్లదొరల నమ్మకం. చాకిరేవులో అన్ని ఇళ్ల బట్టలూ కలిసిపోతాయన్న అనుమానమే దీనికి మూలం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశానికి వచ్చిన అమెరికన్ సైనికులకు మరో రకం దురద పట్టుకుంది. సైనిక వైద్యులు ఆరా తీస్తే, బట్టల మీద గుర్తు వేయడానికి వాడే నల్లజీడి రసం వల్ల వచ్చిన ఎలర్జీ అని తేలింది. అది మెడ వెనక, నడుము దగ్గర, గుర్తు చర్మానికి తగిలే చోటల్లా వచ్చింది. ఒకటి ఫంగస్, ఒకటి ఎలర్జీ. రెండింటి నిందా రజకుల మీదే పడింది. ఇంగ్లిష్ వైద్య పుస్తకాల్లో ఆ పేరు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది.

తామరకు మన దగ్గర పాత మందులు లేకపోలేదు. తగిరిస మొక్కకు సంస్కృతంలో దద్రుఘ్నమని, చక్రమర్దమని పేర్లు. దద్రువు అంటే తామర, దాన్ని పోగొట్టేది దద్రుఘ్నం. జబ్బు ఎంత పాతదో ఆ పేరే చెబుతోంది. ఇరవయ్యో శతాబ్దంలో బెంజోయిక్ యాసిడ్, శాలిసిలిక్ యాసిడ్ కలిపిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ సర్కారు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేవారు. మండుతుంది, మెల్లగా పనిచేస్తుంది, కానీ అందులో స్టెరాయిడ్ ఉండదు. ఆ తర్వాత క్లోట్రిమజోల్, మైకొనజోల్ వంటి పైపూతలు, 1990లలో టెర్బినాఫిన్ మాత్ర వచ్చాయి. రోజుకు 250 మిల్లీగ్రాముల టెర్బినాఫిన్ రెండు నుంచి నాలుగు వారాలు వాడితే తామర పోతుందని పాఠ్యపుస్తకాలు రాశాయి. చాలాకాలం అది నిజం కూడా.

ట్యూబులో ఏముంది

షాపులో దొరికే చాలా ట్యూబుల వెనక సన్నటి అక్షరాల్లో మూడు, నాలుగు మందుల పేర్లు ఉంటాయి. ఒకటి ఫంగస్‌ను చంపేది. ఒకటి బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్. మరొకటి స్టెరాయిడ్. ఆ స్టెరాయిడ్ చాలాసార్లు క్లోబెటాసాల్ ప్రొపియోనేట్, లేదంటే బెటామెథాసోన్, మొమెటాసోన్. క్లోబెటాసాల్ పైపూత స్టెరాయిడ్లలో అత్యంత శక్తిమంతమైన తరగతికి చెందుతుంది. అరచేతులు, అరికాళ్ల వంటి మందపాటి చర్మం మీద మొండి సోరియాసిస్‌కు వైద్యులు రాసే మందు అది.

దురద, ఎరుపు వచ్చేది ఫంగస్‌తో శరీరం చేసే పోరాటం వల్ల. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. అందుకే రెండు రోజుల్లో హాయిగా అనిపిస్తుంది. ఈలోగా ఫంగస్ అడ్డూ అదుపూ లేకుండా లోపలికీ, పక్కలకూ పాకుతుంది. ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉందిగా అని అడగొచ్చు. ఉంది, కానీ దురద తగ్గగానే మనిషి ట్యూబ్ ఆపేస్తాడు. ఫంగస్ మందు పని పూర్తి కావడానికి వారాలు పడుతుంది, స్టెరాయిడ్ పని రెండు రోజుల్లో కనిపిస్తుంది. సగం చచ్చి సగం బతికిన ఫంగస్ మిగిలిపోతుంది.

చోటును బట్టి కూడా ప్రమాదం మారుతుంది. శరీరంలో చర్మం అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్‌ను శరీరంలోని వేర్వేరు చోట్ల రాసి, ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి చర్మం ఒక వంతు పీల్చుకుంటే, వృషణాల మీది చర్మం 42 వంతులు పీల్చుకుంది. ముంజేతికి పర్వాలేదనిపించే మందు అక్కడ ఎంతటి మోతాదు అవుతుందో ఊహించుకోవచ్చు. నెలల తరబడి రాస్తే గజ్జల్లో, తొడల లోపలి వైపు చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడతాయి. కాలం గడిస్తే వాటి రంగు తగ్గుతుంది తప్ప చారలు పూర్తిగా పోవు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి తొడల మీద ఆ చారలు చూడటం చర్మవ్యాధుల ఓపీల్లో మామూలైపోయింది.

ఇంకో చిక్కు ఉంది. స్టెరాయిడ్ రాసిన తామర తామరలా కనిపించదు. అంచు చెరిగిపోతుంది, వలయం పోతుంది, ఒక్కోసారి వలయంలో వలయం ఏర్పడుతుంది. ఈ మారువేషానికి ‘టీనియా ఇన్‌కాగ్నిటో’ అని 1968లోనే పేరు పెట్టారు. డాక్టర్ కూడా దాన్ని ఎగ్జిమా అనుకుని ఇంకో స్టెరాయిడ్ రాసే అవకాశం ఉంది. రాస్తారు కూడా.

ఫంగస్ మారింది

భారతదేశంలో చాలాకాలం తామరకు ప్రధాన కారణం ట్రైకోఫైటన్ రూబ్రమ్ అనే ఫంగస్. గత దశాబ్దంలో దాని స్థానాన్ని మరొకటి ఆక్రమించింది. మొదట దాన్ని ట్రైకోఫైటన్ మెంటాగ్రోఫైట్స్‌లో ఎనిమిదో జన్యురకం అన్నారు. 2020లో జపాన్ పరిశోధకులు అక్కడ ఉంటున్న నేపాలీ, భారతీయ రోగుల చర్మం నుంచి తీసిన నమూనాలను పరిశీలించి, దీన్ని వేరే జాతిగా గుర్తించి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. జబ్బుకు దేశం పేరు తగిలించడం మీద భారతీయ వైద్యుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇది మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటుతుంది. గజ్జల్లో మొదలై ఒళ్లంతా పాకగలదు, ముఖాన్ని కూడా వదలదు. జననాంగాల మీది చర్మానికి తామర రాదని పాత పుస్తకాలు రాసేవి. ఇప్పుడు అక్కడా కనిపిస్తోంది. అన్నిటికంటే పెద్ద సమస్య టెర్బినాఫిన్‌కు లొంగకపోవడం. ఫంగస్ తన కణాల గోడ కింది పొరను కట్టుకోవడానికి స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను వాడుతుంది. టెర్బినాఫిన్ ఆ ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. ఎంజైమ్‌లో 397వ స్థానంలోనో 393వ స్థానంలోనో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందుకు పట్టు దొరకదు.

దీని ప్రభావం ఎంతో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు 200 మంది రోగుల మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనం చూపింది. తామర ఉన్నవాళ్లను నాలుగు గుంపులుగా చేసి నాలుగు వేర్వేరు మాత్రలు ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత ఇట్రాకొనజోల్ తీసుకున్నవాళ్లలో 66 శాతం మందికి జబ్బు పూర్తిగా నయమైంది. ఫ్లూకొనజోల్‌తో 42 శాతం, టెర్బినాఫిన్‌తో 28 శాతం, గ్రిసియోఫుల్విన్‌తో 14 శాతం. ఒకప్పుడు దాదాపు అందరికీ పనిచేసిన మందు నలుగురిలో ఒకరికి కాస్త ఎక్కువ మందికే పనిచేసింది. అన్నిటికన్నా మెరుగైన మందు కూడా ముగ్గురిలో ఒకరిని ఎనిమిది వారాల్లో నయం చేయలేకపోయింది.

ఇది మన దేశంతో ఆగలేదు. బంగ్లాదేశ్, నేపాల్, ఇరాన్, జర్మనీ, ఫ్రాన్స్, కెనడాల్లోనూ నమోదైంది. అమెరికాలో న్యూయార్క్ నగరంలో గుర్తించిన మొదటి రెండు కేసులను ఆ దేశ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023 మేలో ప్రకటించింది. ఇద్దరూ మహిళలే. ఒకరికి బంగ్లాదేశ్‌లో ఉండగా మొదలైంది. రెండో ఆమె ఆ మధ్య విదేశాలకు వెళ్లలేదు. ఫంగస్ అప్పటికే స్థానికంగా తిరుగుతోందన్న అనుమానం అక్కడి నుంచే వచ్చింది. అమెరికా, గల్ఫ్ దేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. టెర్బినాఫిన్ వాడినా తగ్గని తామరతో అక్కడి డాక్టర్ దగ్గరికి వెళితే, ఇండియా ప్రయాణం గురించి, ఇక్కడి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ట్యూబుల గురించి దాచకుండా చెప్పాలి. ఆ సంగతి తెలియకపోతే అక్కడి డాక్టర్ ఈ ఫంగస్‌ను ఊహించకపోవచ్చు.

స్టెరాయిడ్ మిశ్రమాలే ఈ కొత్త ఫంగస్‌ను పుట్టించాయని ఎవరూ రుజువు చేయలేదు. కానీ అరకొర చికిత్స, అణిగిపోయిన రోగనిరోధక శక్తి, కోట్ల మంది మధ్య ఆగని వ్యాప్తి కలిసిన చోట మందును తట్టుకునే రకం గెలుస్తుందని అనుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

చట్టం ఏం చేసింది

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని అనలేం. 2016 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ హేతుబద్ధత లేని 344 మిశ్రమ మందులను నిషేధించింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని ఔషధ సాంకేతిక సలహా మండలికి పంపింది. ఆ మండలి నివేదిక తర్వాత 2018 సెప్టెంబర్‌లో 328 మిశ్రమాలు మళ్లీ నిషేధంలోకి వచ్చాయి. క్లోబెటాసాల్‌ను యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మందులతో కలిపిన పలు క్రీములు ఆ జాబితాలో ఉన్నాయి.

అదే ఏడాది మార్చిలో మరో అడుగు పడింది. డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో పైపూతలకు ఒక మినహాయింపు ఉండేది. 14 స్టెరాయిడ్లకు ఆ మినహాయింపును తొలగించారు. భారతీయ చర్మవ్యాధి వైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్ల తరబడి చేసిన ఒత్తిడి దీని వెనక ఉంది. తెల్లబడతామని ముఖానికి స్టెరాయిడ్ క్రీములు రాసుకుని పాడుచేసుకున్నవాళ్లను చూసి ఆ సంఘం మొదట కదిలింది. గజ్జల తామర ఆ పోరాటంలో తర్వాత చేరింది.

నిషేధించినవి నిర్దిష్టమైన మిశ్రమాలు. ఒక మందు తీసేసి ఇంకొకటి కలిపితే అది కొత్త మిశ్రమం, జాబితాలో ఉండదు. ఇక చీటీ సంగతి. చీటీ లేకుండా షెడ్యూల్ హెచ్ మందు దొరకని మెడికల్ షాపు మన ఊళ్లలో ఎక్కడుందో వెతకాలి. పల్లెల్లో ఆర్‌ఎంపీ రాసే ట్యూబ్ కూడా తరచూ ఇదే. అక్కడ అతన్ని ఒక్కడినే నిందించడం న్యాయం కాదు. రెండు రోజుల్లో తగ్గకపోతే రోగి ఇంకో చోటికి పోతాడని అతనికి తెలుసు.

అన్నీ తామరలే కావు

గజ్జల్లో, జననాంగాల దగ్గర వచ్చే దురదంతా ఫంగస్ అనుకోవడం మరో పొరపాటు. దురద రాత్రి పడుకున్నాక మరీ ఎక్కువై, వేళ్ల సందుల్లో, బొడ్డు చుట్టూ కూడా ఉండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. మగవాళ్లలో జననాంగాల మీద గట్టి బుడిపెలు దానికి పెద్ద గుర్తు. దానికి పర్మెత్రిన్ క్రీము ఒళ్లంతా రాసుకోవాలి. దురద లేకపోయినా ఇంట్లో అందరూ ఒకేరోజు రాసుకోవాలి.

తొడల మడతలో గోధుమరంగు మచ్చ, దురద దాదాపు లేకుండా ఏళ్ల తరబడి ఉంటే ఎరిత్రాస్మా కావచ్చు. అది బ్యాక్టీరియా పని. వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద పగడం రంగులో మెరుస్తుంది. ఎర్రగా, తడిగా ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు చెల్లాచెదురుగా ఉంటే కాండిడా అనే మరో ఫంగస్. సోరియాసిస్ మడతల్లో వస్తే పొలుసులు లేకుండా నున్నగా ఎర్రగా ఉండి తామరను పోలి ఉంటుంది.

ఎలర్జీ, మంట పుట్టించే పదార్థాల వల్ల వచ్చేది ఇంకో పెద్ద గుంపు. సువాసన సబ్బులు, యాంటీసెప్టిక్ ద్రావణం కలిపిన నీళ్లు, ‘ఇంటిమేట్ వాష్’ పేరుతో అమ్మేవి, శానిటరీ ప్యాడ్ ఒరిపిడి, వెంట్రుకలు తీసే క్రీము, ఇవన్నీ ఆ సున్నితమైన చర్మాన్ని రేపగలవు. దురద వచ్చిందని ఇంకా ఎక్కువ సబ్బు, ఇంకా ఎక్కువ యాంటీసెప్టిక్ వాడితే దురద ఇంకా పెరుగుతుంది. పచ్చి వెల్లుల్లి నూరి రుద్దితే బొబ్బలెక్కుతుంది. నిమ్మరసం, కిరోసిన్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఆడవాళ్ల విషయంలో ఒక జబ్బును విడిగా చెప్పుకోవాలి. జననాంగాల దగ్గర చర్మం తెల్లగా, పలచగా, కాగితంలా ముడతపడి విపరీతమైన దురద ఉంటే, ముఖ్యంగా నెలసరి ఆగిన వయసులో, అది లైకెన్ స్క్లిరోసస్ కావచ్చు. పట్టించుకోకపోతే చర్మం అతుక్కుపోయి దారి ఇరుకవుతుంది, కొద్దిమందిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. దీనికి మొదటి మందు ఏమిటో తెలుసా? క్లోబెటాసాలే. తామరను ముదరబెట్టే అదే స్టెరాయిడ్, ఇక్కడ డాక్టర్ చెప్పిన కొలతలో, చెప్పినన్నాళ్లు రాస్తే చర్మాన్ని కాపాడుతుంది. స్టెరాయిడ్ అంటే విషమని భయపడి దీన్ని మానేసేవాళ్లూ నష్టపోతారు. జబ్బు పేరు తెలియకుండా మందు మంచిదో చెడ్డదో చెప్పలేం అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. మగా ఆడా ఎవరికైనా, నెలల తరబడి మానని ఒకే మచ్చ లేదా పుండు ఉంటే బయాప్సీ అవసరమవుతుంది.

షుగర్, షుగర్ మాత్రలు

దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్టు ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది. షుగర్ అదుపులో లేకపోతే కాండిడా తరచూ వస్తుంది. జననాంగాల దగ్గర ఆగని దురదతో వచ్చి, రక్త పరీక్షలో మొదటిసారి షుగర్ బయటపడేవాళ్లున్నారు.

కొత్తగా మరో కారణం చేరింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు రక్తంలోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మంచి మందులు అవి. కానీ మూత్రంలో చక్కెర ఉంటే అక్కడ కాండిడా పెరుగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో ముగిశాక చవకగా దొరికి, వాడకం బాగా పెరిగింది. ఈ మాత్ర మొదలుపెట్టిన కొన్ని వారాలకు జననాంగాల దగ్గర దురద, మంట, ఆడవాళ్లలో తెల్లబట్ట, మగవాళ్లలో ముందుచర్మం పగుళ్లు వస్తే ఆ సంబంధాన్ని షుగర్ డాక్టర్‌కు చెప్పాలి. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని తుడుచుకోవడం చాలామందిలో సమస్యను తగ్గిస్తుంది. మాత్ర సొంతంగా మానేయడం మంచిది కాదు. అయితే ఆ భాగంలో తీవ్రమైన నొప్పి, వాపు, జ్వరం ఉంటే అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగానే అయినా అక్కడ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

చికిత్స ఎంతకాలం

తామర అవునో కాదో తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. మచ్చ అంచు దగ్గర పొట్టును గీకి, స్లైడ్ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్ దారాలు కనిపిస్తాయి. కేఓహెచ్ పరీక్ష అంటే ఇదే. బోధనాసుపత్రుల్లోని చర్మవ్యాధుల విభాగాల్లో చేస్తారు. పరీక్షకు ముందు ట్యూబ్ రాసుకుని వెళితే ఫలితం తప్పొచ్చే అవకాశం ఉంది.

చిన్న మచ్చ, మొదటిసారి వచ్చింది అయితే స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీము చాలు. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి. మచ్చ కనిపించకుండా పోయాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పదేపదే వచ్చేదానికి, పెద్ద మచ్చలకు మాత్రలు కావాలి. ఎన్నాళ్లన్నది క్యాలెండర్ చూసి కాకుండా చర్మం చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. ఇప్పుడు ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతోంది.

ఇట్రాకొనజోల్ మెరుగ్గా పనిచేస్తుంది కదా అని షాపులో కొనుక్కోవడం ప్రమాదం. గుండె వైఫల్యం ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు. సిమ్వాస్టాటిన్ వంటి కొలెస్ట్రాల్ మందులతో సహా అనేక మందులతో దానికి పొసగదు. గర్భిణులకు ఇవ్వరు. మామూలు క్యాప్సూల్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి, గ్యాస్ మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. వేసుకున్నా తగ్గలేదనేవాళ్లలో ఉదయాన్నే ఖాళీ కడుపున గ్యాస్ మాత్రతో పాటు దీన్నీ మింగేవాళ్లు ఉంటారు.

ఇంట్లో ఒకరికి నయం చేసి మిగతావాళ్లను వదిలేస్తే జబ్బు తిరిగి వస్తుంది. భార్యాభర్తల్లో ఒకరే డాక్టర్ దగ్గరికి రావడం మామూలు. ఇద్దరూ, మచ్చలున్న పిల్లలూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి. తువ్వాళ్లు, సబ్బు, దుప్పట్లు ఎవరివి వాళ్లవే ఉండాలి. లోదుస్తులు, తువ్వాళ్లు మిగతా బట్టలతో కలపకుండా వేడినీళ్లలో ఉతకాలి. వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీలు ఉంటే మంచిది, చల్లనీళ్ల ఉతుకుడు ఫంగస్‌ను నమ్మకంగా చంపదు. తర్వాత తిరగేసి ఎండలో ఆరేయాలి. లోదుస్తులు నలుగురికీ కనపడకూడదని బాత్‌రూమ్‌లో, ఇంకో బట్ట కింద దాచి ఆరేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ముఖ్యంగా ఆడపిల్లలకు అది చిన్నప్పటి నుంచి నేర్పుతారు. ఆరీ ఆరని బట్టే మళ్లీ ఒంటి మీదికి వస్తుంది.

మొలతాడు సంగతి కూడా డాక్టర్లు అడుగుతారు. చెమట, పొట్టు పట్టి ఏళ్ల తరబడి ఉండే ఆ దారం నడుము దగ్గర ఫంగస్‌కు నిలయం. కనీసం చికిత్స పూర్తయ్యేదాకా తీసేయమంటారు. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే వెండిది వేసుకుని రోజూ కడగడం ఒక మధ్యేమార్గం. చీర కట్టేవాళ్లకు లంగా బొందు బిగువుగా ఉండే చోట, కుర్రాళ్లకు బిగుతు జీన్స్ ఒరుసుకునే చోట ఇదే కథ. స్నానం తర్వాత గజ్జలు పొడిగా తుడుచుకోవడానికి ఇంకో అర నిమిషం ఆగడం ఏ పౌడర్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

బోర్డు మీది మాట

ఇంత జరిగినా మనిషి డాక్టర్ దగ్గరికి ఎందుకు పోడు? ఏ తెలుగు పట్టణంలోనైనా చర్మవ్యాధుల క్లినిక్ బోర్డు చదివితే కొంత అర్థమవుతుంది. ‘చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల నిపుణులు’. మన దేశంలో ఈ మూడూ ఒకే చదువు, ఐఏడీవీఎల్ అనే పేరులో ఉన్నవీ ఈ మూడే. ఆ బోర్డు కింద కూర్చుని తన వంతు కోసం చూడటం, ఊళ్లో తెలిసినవాళ్లు కంటపడటం, పెళ్లికాని అమ్మాయికైతే ఇంకా భయం. గజ్జల్లో మచ్చ అనగానే భర్త మీద భార్యకు, భార్య మీద భర్తకు అనుమానం వచ్చిన ఇళ్లున్నాయి. తామర చర్మం చర్మానికి తగిలితే అంటుతుంది కాబట్టి దంపతుల మధ్య కూడా అంటుతుంది. కానీ తువ్వాలుతో, దుప్పటితో, హాస్టల్‌లో పక్కవాడి ప్యాంటుతో కూడా అంటుతుంది. ఒకరి నడతకు అది సాక్ష్యం కాదు.

బోర్డు దాటి లోపలికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, వెంట తీసుకెళితే సగం పని అయినట్టే. పేరు గుర్తులేకపోయినా వెనక ఉన్న సన్నటి అక్షరాలను డాక్టర్ చదువుకుంటారు. ట్యూబ్ ఆపేసిన మొదటి రెండు వారాల్లో దురద, ఎరుపు ఒక్కసారిగా ఎక్కువవుతాయి. స్టెరాయిడ్ అణిచిపెట్టినదంతా అప్పుడు బయటికి వస్తుంది. కొత్త మందు పడలేదని చాలామంది పాత ట్యూబ్‌కు తిరిగి వెళ్లేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ రెండు వారాలు గడిచేదాకా దురదకు విడిగా మాత్ర రాయమని అడిగితే డాక్టర్ రాస్తారు.